నడుమ ఫోటో

జూన్ 3, మంగళవారం

ఈ నోటుబుక్కు నేను ఇష్టపడి కొన్నది కాదు. సుమన గారు కొనిపించారు. ఆమె నాగర్‌కర్నూల్‌లో స్పీచ్ థెరపిస్ట్. జాహెదా రోజుకు ఏయే మాటలు అంటుందో, ఎప్పుడు అంటుందో రాసి తెమ్మన్నారు. నేను ఫోటోలు తీసేవాణ్ణి. పదో తరగతి తర్వాత ఆల్బమ్ అట్టల మీద పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు తప్ప ఇంకోటి రాసిన గుర్తు లేదు.

రాయమన్నారు కాబట్టి మొదటి నుంచి రాస్తాను. ఏప్రిల్ 17న నేను కోడేరులో ఒక పెళ్లిలో ఉన్నాను. తలంబ్రాలు నడుస్తున్నాయి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేశాను. పని మీద ఉంటే ఎప్పుడూ అంతే. ఆ అరగంటలో మా పక్కింటి సుగుణమ్మ పదకొండు సార్లు ఫోన్ చేసింది. డాబా మీద బట్టలు ఆరేస్తూ నా భార్య జాహెదా పడిపోయింది. స్ట్రోక్. అంబులెన్స్ పిలిచింది సుగుణమ్మే. లోపల కూర్చుని వనపర్తి దవాఖాన దాకా చెయ్యి పట్టుకున్నదీ సుగుణమ్మే. నేను మెడలో రెండు కెమెరాలతో పరుగెత్తుకుంటూ చేరేసరికి ఆమెను హైదరాబాదుకు తరలిస్తున్నారు.

బతికింది. అల్లా దయ. కుడి కాలు మెల్లగా దారికొచ్చింది. కుడి చెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు.

జాహెదాకు నలభై ఆరేళ్లు. హైస్కూలులో తెలుగు టీచరు. ముస్లిం మేడమ్ తెలుగు చెప్తదా అని కొత్తలో అడిగిన వాళ్లే, తర్వాత తమ పిల్లలకు పద్యాలు నేర్పమని ఇంటికి పంపారు. అలాంటి మనిషి దగ్గర ఇప్పుడు ఒకటే మాట మిగిలింది. "అదే." ఆకలైతే అదే. నొప్పైతే అదే. కూతురు ఫోన్ చేసినా అదే.

ఆమెకు అంతా అర్థమవుతుందని సుమన గారు చెప్పారు. నాకు ఒక చీవాటు కూడా పెట్టారు. "మీరు గట్ల గట్టిగ మాట్లాడకుండ్రి సార్. మేడమ్ చెవులు మంచిగనే ఉన్నయి."

జూన్ 4

అదే. ఇరవై ఆరు సార్లు. కొత్త మాట లేదు.

జూన్ 12, గురువారం, ఉదయం 10

బడులు తెరిచారు. నేను స్నానం చేసి వచ్చేసరికి జాహెదా తయారై కుర్చీలో కూర్చుంది. ఎడమ చేత్తో చీర ఎలా కట్టుకుందో తెలియదు. కుచ్చిళ్లన్నీ ఒక పక్కకు పోయాయి. ఒళ్లో బడి సంచీ.

ఎక్కడికి అని అడిగాను. అడిగి నేనే జవాబు చెప్పాను. బడికా? ఇప్పుడేం బడి? డాక్టర్ రెస్ట్ అన్నడు గదా. ఆమె "అదే" అంది. సంచీ తీసి కొక్కేనికి తగిలించాను.

సాయంత్రం 6

హెడ్మాస్టర్ వెంకట్రాములు సార్ పండ్లు పట్టుకుని వచ్చారు. మంచి మనిషి. మెడికల్ లీవు సెప్టెంబర్ ఆఖరు దాకా ఉందట. ఆ తర్వాత కష్టమట. మాట రాకుండా తెలుగు క్లాసు ఎలా నడుస్తుందని ఆయన పైకి అడగలేదు, కానీ మా ముగ్గురికీ వినిపించింది. అనారోగ్యం కింద రిటైర్‌మెంట్‌కు దరఖాస్తు పెడితే మిగతా పనులు తాను చూసుకుంటానన్నారు. "మేడమ్‌ను పరేషాన్ చెయ్యొద్దు హమీద్ భాయ్. జర నిమ్మలంగ ఉండనియ్యండ్రి."

సరేనన్నాను. జాహెదా వైపు చూశాను. "అదే" అంది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

జూన్ 14, శనివారం

దరఖాస్తు టైపు చేయించి తెచ్చాను. పెన్ను ఆమె ఎడమ చేతికి ఇచ్చాను. కింద పెట్టింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ పెట్టింది. అర్థం కాలేదేమోనని నిదానంగా చదివి వినిపించాను. కళ్లు మూసుకుంది. అలసిపోయినట్టుంది. కాగితం బీరువాలో పెట్టాను. తొందరేం లేదు.

జూన్ 17, మంగళవారం

నాగర్‌కర్నూల్ వెళ్లొచ్చాం. సుమన గారు బొమ్మల కార్డులు తీశారు. బంతి. ఆవు. గ్లాసు. గొడుగు. జాహెదా అక్కడి దాకా ఓపిక పట్టింది. ఐదోది అరటిపండు. ఆ కార్డు తీసుకుని కిటికీలోంచి బయటికి విసిరేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. సుమన గారు మాత్రం నవ్వారు. ఇన్నేళ్లు పద్యాలు చెప్పిన మనిషికి అరటిపండు చూపిస్తే కోపం రాదా, తప్పు నాదే అన్నారు. బయటికి వెళ్లి కార్డు తెచ్చుకున్నారు. తర్వాత నాతో, మీరు ఫోటోగ్రాఫరే కదా, మేడమ్ చేతికే కెమెరా ఇవ్వండి, ఏం తీయాలో ఆమే చూసుకుంటుంది అన్నారు. "మీరు మాత్రం నేర్పొద్దు సార్. ఒక్క ముక్క గూడ నేర్పొద్దు."

ఇంటికొచ్చి నా పాత చిన్న కెమెరా ఇచ్చాను. దాని బటన్ కుడి పక్కన ఉంటుంది. ఎడమ చెయ్యి ఒక్కటే ఉన్న మనిషి ఏం చేయాలో నాకు తోచలేదు. ఆమె కాసేపు చూసి, కెమెరాను తలకిందులు చేసి పట్టుకుని బొటనవేలితో నొక్కింది. ముప్పై ఏళ్లలో నాకు తట్టని సంగతి.

జూన్ 22, ఆదివారం, మధ్యాహ్నం

ఐదు రోజుల్లో నూట పద్నాలుగు ఫోటోలు. అన్నీ కంప్యూటర్‌లో వేసి నిటారుగా తిప్పాను. నల్లా. మోరీ కాలువ. సుగుణమ్మ మేక చెవి. గోడ. గోడ. గోడ. నా వీపు. సగానికి ఫోకస్ లేదు. పనికొచ్చేవి పన్నెండు ఉంచి మిగతావి డిలీట్ చేసి, మెమరీ కార్డు ఖాళీ చేసి ఇచ్చాను. ఆమెకు సులువుగా ఉంటుందని.

సాయంత్రం

కెమెరా వెనక స్క్రీన్ మీద వెతికింది. ముందుకూ వెనక్కూ వెతికింది. నన్ను చూసింది. బాగా రానివి తీసేశానని చెప్పాను. ఆమె ఏడవలేదు. కెమెరా తెచ్చి నా ఒళ్లో పెట్టి లోపలికి పోయింది.

ఈరోజు మధ్యాహ్నం తర్వాత మాటలు: సున్న. అదే కూడా లేదు.

జూన్ 23, సోమవారం

స్టూడియో తెరవలేదు. ఇంట్లోనే రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి పెళ్లి ఫోటోల మెమరీ కార్డన్నా కరప్ట్ అయితే ఇంత భయంగా కూర్చుంటాను. పోయినవి నూట రెండు. తిరిగొచ్చినవి తొంభై ఒక్కటి.

మధ్యాహ్నం లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, మాఫ్ చెయ్ అన్నాను. ఒక్కొక్కటీ చూసింది. గోడ ఫోటోల దగ్గర ఆగింది. నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. అది గోడ కాదు, గోడ మీద ఎండ. పొద్దున ఒక మూల, మధ్యాహ్నం నడుమ, సాయంత్రం ఇంకో మూల. ఒకే చోట కూర్చుని మూడు సార్లు తీసింది. నేను స్టూడియోలో ఉన్న పొద్దంతా ఆమె చూసేది అదేనన్న మాట.

పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసింది. ఒక్కొక్కటే చూసినప్పుడు గోడే అనుకున్నాను.

జులై 7, సోమవారం

నిన్న పీర్ల పండుగ. అమరచింతలో జాహెదా వాళ్ల అమ్మ దగ్గర ఉన్నాం. మా ఒక్కగానొక్క కూతురు అల్ఫియా గద్వాల నుంచి వచ్చింది, అక్కడ నర్సింగ్ చదువుతోంది. మా అత్త పొద్దంతా జాహెదా చేతులు పట్టుకుని, ఒక్కసారి అమ్మీ అను బేటా అని బతిమాలింది. జాహెదా ప్రయత్నం చేసింది. పెదవులు కలిపింది. "అదే" అని వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు.

ఈరోజు పొద్దున అల్ఫియాను హాస్టల్‌లో దించడానికి అద్దెకు తెచ్చిన వ్యాన్‌లో బయలుదేరాం. జూరాల డ్యామ్ దగ్గరికి వచ్చాక జాహెదా నా భుజం మీద కొట్టింది. పక్కకు ఆపాను. దిగింది. మేమున్న వైపు గేట్లు మూసే ఉన్నాయి. వాటి వెనక నీళ్లు, అంచు దాకా. కదలకుండా, నిండుగా. కెమెరా తలకిందులు చేసి తీసింది. తీసి అక్కడే నిలబడిపోయింది.

ఎండగా ఉంది పోదాం అన్నాను. అల్ఫియాకు క్లాసుంది అన్నాను. నీకు కాలు నొప్పి పుడుతుంది, వ్యాన్‌లో కూర్చో, నేను పెద్ద లెన్స్‌తో మంచిది తీస్తా అన్నాను.

నా వైపు తిరిగి చెప్పింది. "కాదు."

స్పష్టంగా. కా. దు. అల్ఫియా కేక పెట్టి ఆమెను వాటేసుకుని నా వైపు తిరిగింది. "అబ్బా, ఇన్నవా? ఇన్నవా నువ్వు?" నేను ఏం మాట్లాడానో నాకే తెలియదు. అత్తకు ఫోన్ చేశాను. సుగుణమ్మకు చేశాను. సుమన గారికి చేశాను. నేను అలా ఫోన్‌లో అరుస్తూ ఉండగా జాహెదా నన్ను ఫోటో తీసింది. స్క్రీన్ మీద చూశాను. ముఖం ఊగిపోయి మసకగా ఉంది, నోరు ఇంతలావు తెరిచి ఉంది.

డిలీట్ చేయలేదు. అంత మాత్రం నేర్చుకున్నాను.

జులై 12, శనివారం

ఈరోజు జాహెదా నాతో స్టూడియోకు వచ్చింది. కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చుని మూడు ఫోటోలు చూపించింది. ప్రింట్లు తీసిచ్చాను. బల్ల మీద వరసగా పెట్టింది. ఎడమ పక్కన జూరాల నీళ్లు. నడుమ నేను, నోరు తెరిచి. కుడి పక్కన మా ఇంటి నల్లా, దాని కొసన ఒక్క చుక్క. ఎడమ నుంచి కుడికి వేలు గీసింది. "అదే" అంది.

జూరాల పోయిన గుర్తుకు ఆల్బమ్ కావాలేమో అనుకున్నాను. నాకు బాగా వచ్చిన పని. రెండు గంటలు కూర్చున్నాను. మూడు ఫోటోలు కలిపి ఒకే షీట్ చేశాను. చుట్టూ బంగారు అంచు. మూలల్లో గులాబీలు. నా ఊగిన ముఖం తీసేసి పోయిన రంజాన్‌కు దిగిన మంచి ఫోటో పెట్టాను. నల్లా బాగుండదని దాని చోట సూర్యాస్తమయం వేశాను. పైన "మధుర స్మృతులు" అని రాశాను.

చూసింది. "కాదు."

గులాబీలు తీశాను. కాదు. అంచు తీశాను. కాదు. అక్షరాలు, సూర్యుడు, రంజాన్ ఫోటో. కాదు, కాదు, కాదు. చివరికి నాకు కోపం వచ్చింది. మరేంది, ఏం కావాలె నీకు అని అరిచాను. ఆమె ఆ మూడు ప్రింట్లనే మళ్లీ వరసగా పెట్టింది. ఒక్కోదాని మధ్య రెండు వేళ్లంత జాగా వదిలింది. లేచి ఇంటికి పోయింది. ఒక్కతే. నడుచుకుంటూ. ఏప్రిల్ తర్వాత ఇదే మొదటిసారి.

జులై 15, మంగళవారం, మధ్యాహ్నం 1

నాగర్‌కర్నూల్ బస్టాండులో రాస్తున్నాను. జాహెదా పక్కన కూర్చుని నిమ్మసోడా తాగుతోంది.

ప్రింట్లు సుమన గారికి చూపించాం. ఆమె వాటిని బల్ల మీద పరిచి, రోజూలాగే మొదలుపెట్టారు. పొద్దున ఏం తిన్నారు మేడమ్? జొన్నరొట్టె అన్నాను నేను. చెయ్యి ఎట్లుంది? కొంచెం నయం అన్నాను. నిద్ర పడుతున్నదా? మంచిగ పడుతుంది అన్నాను.

సుమన గారు పెన్ను కింద పెట్టారు. ఎడమ ఫోటో మీద వేలు పెట్టి, నీళ్లు శాన ఉన్నయి అన్నారు. కుడి ఫోటో మీద పెట్టి, ఇక్కడ ఒక్క చుక్క అన్నారు. తర్వాత నడుమ ఫోటో మీద పెట్టి నన్ను అడిగారు.

"గీయన ఎవరు సార్?"

చెప్పడానికి నోరు తెరిచాను. జాహెదా నన్నే చూస్తోంది. మూశాను.

సాయంత్రం 5

నడుమ ఉన్నది నేను.

జులై 21, సోమవారం

ఆరు రోజులు రాయలేదు. కోపం వచ్చింది. మాటల లెక్కున్న పేజీలే సుమన గారికి చూపిస్తాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తున్నాను. మూడు నెలలు ఆమె తల దువ్వాను. మందులు వేశాను. వంట నేర్చుకున్నాను. సీజన్‌లో పెళ్లిళ్లు వదులుకున్నాను. నేనా అడ్డం?

నేనే. రోజుల తరబడి ఆలోచించినా జవాబు మారలేదు.

నాకు ఇంట్లో నిశ్శబ్దం అంటే భయం. ఆ కోడేరు పెళ్లి రోజు నుంచి. ఇల్లు కాసేపు నిశ్శబ్దంగా ఉంటే బ్యాగులో ఫోన్ మోగుతున్నట్టు, నేను వినడం లేదన్నట్టు అనిపిస్తుంది. అందుకే మాటలతో నింపేస్తున్నాను. ఆమె మాట పోయిందని ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతున్నాను. ఆమె నోటి దగ్గరికి ఏదైనా వచ్చినా నా గొంతు విని వెనక్కి పోయి ఉంటుంది.

పొద్దున టీ దగ్గర ఇదంతా ఆమెకు చెప్పాను. ఫోన్ సంగతి కూడా. ఇన్నాళ్లూ ఆ ఒక్కటే ఆమెతో అనలేదు. ఆమె ఎడమ చెయ్యి చాపి నా నోటి మీద పెట్టింది. కోపంగా కాదు. చాలాసేపు ఉంచింది.

జులై 22, మంగళవారం

సుమన గారు పని చెప్పారు. ఏదైనా అడిగితే, అడిగిన తర్వాత లోపల పది లెక్కపెట్టాలి. నా పని సెకనులో వందో వంతుతో అయిపోయేది. పది సెకన్లు ఎంత పొడుగో నాకు ఇవాళే తెలిసింది.

జులై 23

ఏడు దగ్గర నోరు జారాను.

జులై 24

ఆరు.

జులై 25, శుక్రవారం

టీ తాగుతావా అని అడిగాను. పది అయింది. పదకొండు. పన్నెండు. నాలుక కొరుక్కున్నాను. పద్నాలుగు దగ్గర వచ్చింది.

"చక్కెర... కాదు."

దవాఖాన నుంచి వచ్చిన రోజు నుంచి నేను రెండు చెంచాల చక్కెర వేసి ఇస్తున్నాను. తాగింది పాపం.

ఆగస్టు 2, శనివారం

ఈ వారం మాటలు: చక్కెర, కాదు, వద్దు, ఎండ, సుగుణ, నీళ్లు. నిన్న అత్త ఫోన్ చేస్తే, నేను ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టి బయటికి వెళ్లి నిలబడ్డాను. లోపల నుంచి "అమ్మీ" అని వినబడింది. ఫోన్‌లో అత్త ఏడుపు వాకిలి దాకా వినబడింది. ఈసారి ఏడుపు వేరే.

ఆగస్టు 9, శనివారం

బీరువాలోంచి దరఖాస్తు తీశాను. ఆమె ముందు పెట్టి, దీన్ని ఏం చేద్దాం అని అడిగాను. లెక్కపెట్టాను.

పందొమ్మిది దగ్గర "బడి" అంది.

కాగితం ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని ఎడమ చేత్తో చింపింది. మళ్లీ మడిచి మళ్లీ చింపింది. "బడి" అంది.

పిల్లలు నవ్వితే? క్లాసులో మాట ఆగిపోతే? పేపర్లు ఎలా దిద్దుతావు? బస్సు ఎలా ఎక్కుతావు? ఇవన్నీ నా గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ అడగలేదు. కాగితం ముక్కలు ఏరి పొయ్యి దగ్గర పెట్టాను.

జూన్ పన్నెండున చీర కట్టుకుని కూర్చున్నది దీనికే. నేను సంచీ తీసి తగిలించాను.

ఆగస్టు 16, శనివారం

మూడు ఫోటోలూ పెద్దవి చేసి ప్రింట్ తీశాం. మెరుపు లేని కాగితం మీద. నా ముఖం కొంచెం షార్ప్ చేయనా అని అడిగాను. నాలుగు దగ్గరే వచ్చింది. కాదు.

ఫ్రేముల బాలరాజుకు మూడు కిటికీలున్న ఒకే ఫ్రేము చెప్పాం. మధ్యలో ఎంత వదలాలో జాహెదా రెండు వేళ్లు పెట్టి చూపించింది. బాలరాజు ఒప్పుకోలేదు. "గింత జాగ ఉత్తగ ఎందుకు మేడమ్? కలిపి కొడితే మంచిగుంటది." నేను జవాబు చెప్పబోయి ఆగాను. బాలరాజు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, పాపం సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"గాలి" అంది జాహెదా.

బాలరాజు ఇంకేం అడగకుండా కొలత రాసుకున్నాడు.

ఆగస్టు 20, బుధవారం

స్టూడియోలో తగిలించాను. ఎంగేజ్‌మెంట్ బుక్ చేయడానికి వచ్చిన ఒకాయన దాన్ని చాలాసేపు చూసి, మా అమ్మాయికి కూడా గిట్లనే చెయ్యి, కానీ బంగారు అంచు పెట్టు అన్నాడు.

ఆగస్టు 25, సోమవారం

ఫ్రేము పట్టుకుని బడికి వెళ్లాం. వెంకట్రాములు సార్ కుర్చీ వేయించారు. టీచర్స్ డేకు రండి మేడమ్, స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం అన్నారు. ఆయన మనసులో అది వీడ్కోలు. నాకు అర్థమైంది.

సార్, జర ఆగండి అన్నాను. ఆయన ఆగారు. ఫ్యాను శబ్దం. బయట పీఈటీ విజిల్.

"క్లాసు" అంది జాహెదా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలా ఆలోచించి, ఆ రోజే ఎనిమిదో తరగతికి ఒక్క పీరియడ్ ఇస్తానన్నారు. వెనక బెంచీలో తాను కూర్చుంటారట. నడిస్తే సంతోషం, నడవకపోతే పిల్లల చదువు కూడా చూడాలి కదా అన్నారు. న్యాయమైన మాటే. 

సెప్టెంబర్ 4, గురువారం

రేపు మిలాదున్నబీ సెలవు కాబట్టి టీచర్స్ డే ఈరోజే చేశారు. జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండున్నరకు పీరియడ్. ముప్పై ఆరు మంది పిల్లలు. వెనక బెంచీలో నేను, వెంకట్రాములు సార్, మోకాళ్లు ముడుచుకుని. జాహెదా ఫ్రేమును బోర్డు మీద మేకుకు తగిలించింది. పిల్లల వైపు తిరిగింది. నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

నేను లెక్కపెట్టాను. పది. ఇరవై. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ కదిలారు. లేవబోతున్నారేమోనని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ముప్పై ఒకటి. ముప్పై రెండు.

"చెప్పండి" అంది జాహెదా, ఫ్రేము వైపు చూపిస్తూ.

ఒకడు లేచి అది జూరాల అన్నాడు. ఇంకొకడు, నల్లా కారుతుంది, వాషర్ మార్చాలె అన్నాడు. నడుమ ఉన్నది మేడమ్ వాళ్లాయన అని ఎవరో అంటే క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నవ్వులు. జాహెదా ఫ్రేము పక్కన నిలబడింది. ఎదురుచూసింది. ఆమెకు ఎదురుచూడడం నాకంటే బాగా వచ్చు.

మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. పేరు భీమేశ్వరి అని తర్వాత అడిగి తెలుసుకున్నాను. మెల్లగా, చదువుతున్నట్టు చెప్పింది. "మేడమ్ లోపల అన్ని నీళ్లున్నయి. బయటికి ఒక్క చుక్కనే వస్తుంది. నడుమల గీ సార్ ఊకె మాట్లాడుతుండు, అందుకే వస్తలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ దగ్గారు. నేనేం చేయాలో తెలియక పిల్లాడిలా చెయ్యెత్తాను. "అవునమ్మా. ఆ సార్ నేనే" అన్నాను.

క్లాసు ఒక్కసారిగా గొల్లుమంది. జాహెదా కూడా నవ్వింది. ముఖం కుడి పక్క కొంచెం ఆలస్యంగా నవ్వింది. అయినా నవ్వింది. ఏప్రిల్ తర్వాత ఆ నవ్వు నేను చూడలేదు.

తర్వాత ఆమె బోర్డు మీద ఎడమ చేత్తో మూడు డబ్బాలు గీసింది. వంకరటింకరగా. పిల్లల వైపు వేలు చూపించి, ఒక్కో మాటకు ఆగుతూ చెప్పింది. "మూడు. బొమ్మలు. మీ మనసు. రేపు..." ఆగింది. తల ఊపింది. "కాదు. సోమవారం."

రేపు సెలవని గుర్తుంది ఆమెకు.

గంట కొట్టారు. పిల్లలు లేచారు. వెంకట్రాములు సార్ కూడా లేచి, గొంతు సవరించుకుని పిల్లలకు చెప్పారు. "ఇన్నరా? సోమవారం మేడమ్ వస్తరు. బొమ్మలు తయారుండాలె."

సెప్టెంబర్ 8, సోమవారం

ముప్పై నాలుగు కాగితాలు వచ్చాయి. ఇద్దరు తేలేదు. జాహెదా అన్నీ ఇంట్లో నేల మీద పరిచింది. నడవడానికి జాగా లేదు.

ఒకడి మొదటి డబ్బాలో పుణె పోయే లారీ, రెండో డబ్బాలో ఖాళీ మంచం, మూడో డబ్బాలో ఫోన్. ఒకమ్మాయి మూడు డబ్బాల్లోనూ ఒకటే తలుపు వేసింది, మూయడం, కొంచెం తెరవడం, మళ్లీ మూయడం. ఒకడు మూడింట్లోనూ క్రికెట్ బ్యాటే వేశాడు. వాడు సుఖంగా ఉన్నాడు.

లీవు అయ్యేదాకా వారానికి మూడు రోజులు వచ్చి కూర్చోమన్నారు సార్. పాఠం ఇంకో తెలుగు సార్ నాగేశ్ చెప్తాడు. పిల్లల చేత మాట్లాడించేది జాహెదా. సుమన గారికి ఫోన్ చేసి చెప్తే, నా దగ్గర కన్నా ఆ క్లాసులోనే మాట తొందరగా వస్తదన్నారు.

భీమేశ్వరి కాగితం చివర దొరికింది. నడుమ డబ్బా ఖాళీగా వదిలేసింది. జాహెదా దాన్ని చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది. ఏమిటని అడగలేదు. రేపు ఆ అమ్మాయిని ఆమే అడుగుతుంది.

అక్టోబర్ 6, సోమవారం

డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చాడు. దసరా సెలవుల తర్వాత ఈరోజు డ్యూటీలో చేరింది. రిజిస్టర్‌లో ఎడమ చేతి సంతకం. సార్ తాను పక్కన నిలబడి ఫోటో తీయమన్నారు. తీశాను. నవ్వమని ఎవరికీ చెప్పలేదు.

మాట పూర్తిగా వస్తుందని సుమన గారు అనలేదు. ఇంకా వస్తుందన్నారు. వాక్యాలు ఇప్పటికీ ముక్కలు ముక్కలే. బస్సులో కండక్టర్‌కు ఊరి పేరు చెప్పడానికి ఒకోసారి ఆమెకు ఒక స్టేజీ దూరం పడుతుంది. కండక్టర్ ఆగుతున్నాడట.

స్టూడియోలో ఫ్రేము అలాగే ఉంది. నడుమ ఫోటో మార్చనా, ఇప్పుడు నేను అలా లేను గదా అని అడిగాను. ఎక్కువసేపు పట్టలేదు.

"ఉండనీ" అంది.

అక్టోబర్ 19, ఆదివారం

జాహెదాతో కొట్లాట. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై పన్నెండు దాకా. కారణం రాయను, సిగ్గు. ఆమె మాటలు నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. సుగుణమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, పైకి దండం పెట్టి, అల్హమ్‌దులిల్లా అని మా మాట మాకే చెప్పి పోయింది.

చివరి మాట జాహెదాదే.